ఉప్పెనకు ఇంగ్లీషేమిటి?

అక్టోబరు, నవంబరు నెలలు వచ్చాయంటే కోస్తా ప్రాంతపు పాఠకుడికి ఇంగ్లీషు దినపత్రిక మొదటి పుటలోనే ఒక పాఠం దొరుకుతుంది. బంగాళాఖాతంలో ‘డిప్రెషన్’ ఏర్పడిందనీ, అది బలపడి ‘సైక్లోన్’ కాగలదనీ, ఫలానా రేవు సమీపాన ‘లాండ్‌ఫాల్’ జరుగుతుందనీ, అప్పుడు ఇన్ని మీటర్ల ‘స్టార్మ్ సర్జ్’ రావచ్చుననీ వార్త. కళాశాల విద్యార్థి ఎవరైనా ఈ మాటలకు తడుముకోకుండా అర్థం చెప్పగలడు. డిప్రెషన్ అంటే దిగులు. లాండ్ అంటే నేల, ఫాల్ అంటే పడడం. స్టార్మ్ అంటే గాలివాన, సర్జ్ అంటే పెరుగుదల. నిఘంటువు తిరగేసినా ఈ అర్థాలే కనిపిస్తాయి. వార్త మాత్రం అర్థం కాలేదు.

పదసంపద పెంచుకోదలచినవారికి ప్రకృతి వార్తలు, శాస్త్రవార్తలు మంచి పాఠ్యపుస్తకం కావడానికి కారణం ఇదే. నవలలో ఒక మాట తెలియకపోయినా కథ వెంట సాగిపోవచ్చు. శాస్త్రవార్త అలా సాగనివ్వదు. అక్కడ ప్రతి మాట వెనుక ఒక వస్తువు ఉంటుంది. ఆ వస్తువుకు ఒక కొలత ఉంటుంది.

డిప్రెషన్ సంగతే చూడండి. కిందికి అదమడం అన్న లాటిన్ ధాతువు నుంచి వచ్చిన మాట ఇది. ప్రెషర్, ఇంప్రెషన్, సప్రెషన్ దీని తోబుట్టువులు. మనసు కుంగినా, నేల కుంగినా, బారోమీటరులో పాదరసం కుంగినా ఇంగ్లీషువారికి మాట ఒకటే. భారత వాతావరణ శాఖ లెక్కలో గాలివేగం గంటకు సుమారు 31 నుంచి 50 కిలోమీటర్ల వరకు ఉంటే అది డిప్రెషన్. 62 కిలోమీటర్లకు చేరితే తుపాను. డిప్రెషన్‌ను తెలుగులో వాయుగుండం అంటున్నాం. గుండం అంటే సుడి. ఇంగ్లీషు మాట పాదరసాన్ని చూసి పుట్టింది, తెలుగు మాట గాలి తిరుగుడును చూసి పుట్టింది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే విషయం పూర్తిగా బోధపడుతుంది.

ఇక సైక్లోన్. ఈ మాట పుట్టుక భారతదేశంలోనే. నావికుడిగా జీవితం ఆరంభించిన హెన్రీ పిడింగ్టన్ కలకత్తాలో నౌకాప్రమాదాల విచారణ న్యాయస్థానానికి అధ్యక్షుడయ్యాడు. ఓడల దినచర్య పుస్తకాలు సేకరించి బంగాళాఖాతపు గాలివానల తీరును పరిశీలించాడు. 1789 డిసెంబరులో గోదావరీ ముఖద్వారం దగ్గరి కోరంగిని ముంచివేసిన తుపాను వృత్తాంతం కూడా ఆయన రచనల్లోకి ఎక్కింది. చుట్టలు చుట్టుకున్న పామును తలపించే గ్రీకు మాటను ఆధారం చేసుకుని 1848లో ప్రచురించిన గ్రంథంలో సైక్లోన్ అన్న పదాన్ని ప్రతిపాదించాడు. ఆ గ్రంథానికి ‘హార్న్‌బుక్’ అని పేరు పెట్టుకున్నాడు. అంటే అక్షరాభ్యాసపు పుస్తకం, నావికులకు పెద్దబాలశిక్ష అన్నమాట.

లాండ్‌ఫాల్ కూడా నావికుల సొత్తే. దీర్ఘప్రయాణం తరువాత ఓడ మీదివారికి తొలిసారి నేల కనిపించడం దాని మొదటి అర్థం. తుపాను విషయంలో దాని కేంద్రం తీరాన్ని తాకడం. మన రేడియో వార్తలకు ఇది ‘తీరం దాటడం’గా పరిచయమే. అయితే గాలీ నీరూ ఆ ఘడియ కోసం ఆగవు, గంటల ముందే వచ్చిపడతాయి. కేంద్రంలో ‘ఐ’ అనే ప్రశాంతమైన కన్ను ఉంటుంది. అది పైనుంచి పోతున్నప్పుడు తుపాను వెలిసిందనుకుని బయటికి వచ్చినవారి మీద గాలి ఎదురుదిక్కు నుంచి విరుచుకుపడుతుంది.

అన్నిటికన్నా జాగ్రత్తగా నేర్వవలసినది స్టార్మ్ సర్జ్. సర్జ్ అనగానే ధరల పెరుగుదల గుర్తుకు వచ్చేవారు ఎక్కువ. ఇక్కడ పెరిగేది సముద్రమే. వాయుపీడనం ఒక మిల్లీబారు తగ్గితే నీటిమట్టం సుమారు ఒక సెంటీమీటరు పైకి లేస్తుంది, అది స్వల్పం. అసలు బలం గాలిది. లోతు తక్కువైన తీరం వైపు గాలి నీటిని నెడుతూ ఉంటే, ఆ నీటికి వెనక్కు పోయే దారి ఉండదు. మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది కనుక, ఆంధ్రతీరం మీద కేంద్రానికి ఉత్తరం వైపున గాలి సముద్రం మీదనుంచి నేల మీదికి వీస్తుంది. 1977 నవంబరు 19న తుపాను తీరం దాటింది చీరాల సమీపాన. నీట మునిగింది దానికి ఈశాన్యాన ఉన్న దివిసీమ. నీరు సుమారు 5 మీటర్ల ఎత్తున వచ్చింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది మరణించారు.

ఆ నీటికి తెలుగులో మాట వెతుక్కోనక్కరలేదు: ఉప్పెన. ఇంగ్లీషు పత్రికలు చాలాకాలం ఉప్పెననూ, భూకంపం వల్ల వచ్చే సునామీనీ కలిపి ‘టైడల్ వేవ్’ అని రాస్తూ వచ్చాయి. నిజానికి టైడ్ అంటే ఆటుపోటు. రెండింటికీ కారణం ఆటుపోటు కాదు. ఈ విషయంలో తెలుగు పల్లెవాసి మాటే ఇంగ్లీషు విలేఖరి మాటకన్న కచ్చితమైనది.

మాట లేకపోతే ఏమవుతుందో ఫిలిప్పీన్స్‌లోని టాక్లోబాన్ నగరం చెబుతుంది. ఆ దేశంలో ఇంగ్లీషు అధికారభాష, పాఠశాలల్లో బోధనభాష కూడా. 2013 నవంబరు 8న హయాన్ అనే టైఫూన్ రాబోయేముందు అధికారులు స్టార్మ్ సర్జ్ వస్తుందని హెచ్చరించారు. గాలికి నిలిచే గట్టి ఇల్లు చాలుననుకుని అనేకులు తీరంలోనే ఉండిపోయారు. ఆ దేశంలో మృతులు 6,000 మందికి పైగా. సునామీ అని చెప్పి ఉంటే పారిపోయేవాళ్ళమని బతికి బయటపడ్డవారు విలేఖరులతో అన్నారు. వారికి స్టార్మ్ తెలుసు, సర్జ్ కూడా తెలుసు. ఆ తరువాత అక్కడి హెచ్చరికల్లో ‘డలుయోంగ్’ అనే దేశీయపదానికి ప్రాధాన్యం పెరిగింది. పెద్ద కెరటమని దాని అర్థం.

సైక్లోన్ అన్న పదానికి జన్మనిచ్చిన పిడింగ్టన్‌కు ఈ నీటి సంగతి తెలుసు. సుందరవనాల్లో మాట్లా నది ఒడ్డున కొత్త రేవు కట్టదలచినప్పుడు, ఒకనాడు ఉప్పునీరు ఆ చోటును ముంచెత్తుతుందని 1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీకి లేఖ రాశాడు. ఎవరూ ఆలకించలేదు. 1858లో ఆయన మరణించాడు. పోర్ట్ కానింగ్ పేరుతో రేవు వెలిసింది. 1867 నవంబరులో తుపాను నీరు దానిని దెబ్బతీసింది. కొద్ది సంవత్సరాలకే రేవును వదిలివేశారు.

వాతావరణ శాఖ ఇంగ్లీషు ప్రకటన చదివేటప్పుడు మరొక మాట దగ్గర ఆగవలసి ఉంటుంది. సర్జ్ ఎత్తు ఒక మీటరో రెండు మీటర్లో అని చెప్పి, ‘ఆస్ట్రనామికల్ టైడ్’కు పైన అని రాస్తారు. ఆస్ట్రనామికల్ అంటే బ్రహ్మాండమైన అన్న వాడుక ఇంగ్లీషులో ఉన్నది. ధరలను గురించి రాసేటప్పుడు పత్రికలు అలాగే వాడతాయి. ఇక్కడ ఆ అర్థం కాదు. చంద్రసూర్యుల ఆకర్షణ వల్ల రోజూ వచ్చే మామూలు ఆటుపోటు అని మాత్రమే. ప్రకటనలో అచ్చయిన అంకె దానికి పైన కలపవలసినది. తుపాను తీరం చేరేది పోటు వేళనా, ఆటు వేళనా అన్నది పక్కనే చూసుకోవాలి.