ఎన్నికల చట్టం అసెంబ్లీదే.. హద్దు మాత్రం రాజ్యాంగానిది!

గ్రూప్స్‌కి ప్రిపేరవుతున్నారా? అయితే 73వ రాజ్యాంగ సవరణ అనగానే ఆర్టికల్ నంబర్లు బట్టీ పట్టి ముందుకెళ్లిపోకండి. స్థానిక ఎన్నికలపై చట్టసభకు ఎంత అధికారం ఉందన్న ప్రశ్న మన రెండు రాష్ట్రాల్లోనూ కోర్టు మెట్లెక్కింది. మెయిన్స్‌కి ఇంతకన్నా మంచి ఉదాహరణలు దొరకవు.

ముందు మూలం చూద్దాం. ఆర్టికల్ 243(కె) పంచాయతీ ఎన్నికల పర్యవేక్షణ, నిర్వహణ బాధ్యతను రాష్ట్ర ఎన్నికల సంఘానికి అప్పగించింది. అదే ఆర్టికల్ ఎన్నికలకు సంబంధించిన అంశాలపై చట్టం చేసే అధికారాన్ని అసెంబ్లీకి ఇచ్చింది, అదీ రాజ్యాంగానికి లోబడి. పేచీ అంతా ఈ ‘లోబడి’ దగ్గరే.

ఆంధ్రప్రదేశ్, 2020: కరోనా కారణంగా మార్చిలో కమిషనర్ స్థానిక ఎన్నికలు వాయిదా వేశారు. ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి కమిషనర్ పదవీకాలాన్ని అయిదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించింది. దాంతో ఆయన పదవి పోయింది. మే 29న హైకోర్టు ఆ ఆర్డినెన్స్‌ని కొట్టేసింది. నియామకం తర్వాత కమిషనర్‌కు నష్టం కలిగేలా సర్వీసు నిబంధనలు మార్చకూడదని 243(కె)లోనే ఉంది మరి.

తెలంగాణ, 2025: బీసీలకు రిజర్వేషన్ కల్పించే వీలును 243(డి)(6) అసెంబ్లీకి ఇచ్చింది. సెప్టెంబరులో 42 శాతం ఇస్తూ జీవో 9 వచ్చింది. ఎస్సీ, ఎస్టీ కోటాతో కలిపితే మొత్తం 67 శాతం. సుప్రీంకోర్టు 2010లో కృష్ణమూర్తి కేసులో చెప్పిన 50 శాతం పరిమితి అడ్డొచ్చింది. అక్టోబరు 9న హైకోర్టు స్టే ఇచ్చింది. చివరికి డిసెంబరులో పాత పరిమితికి లోబడే పంచాయతీ ఎన్నికలు జరిగాయి.

రెండు కేసుల్లోనూ చట్టసభకు అధికారం లేదని ఎవరూ అనలేదు. అది ఎక్కడిదాకా అన్నదే వివాదం. ఈ తేడా రాస్తేనే మీ జవాబుకి బరువు.

ఇంకో మాట. గడువు ముగిసేలోపే ఎన్నిక పూర్తవ్వాలని 243(ఇ) చెబుతోంది. అయినా తెలంగాణ పల్లెలు 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు సర్పంచ్ లేకుండా, ప్రత్యేకాధికారుల పాలనలోనే గడిపాయి. అధికారం ఎవరిదో తేలేలోపు వీధిలైటు గురించి ఎవర్ని అడగాలో ఊళ్లోవాళ్లకి తెలియలేదు. మీ జవాబు చివరి పేరాలో ఆ ఊరిని మర్చిపోకండి.