సముద్రగర్భమందలి పచ్చికబయళ్లు

భూమిమీద ఒక యెకరము పచ్చిక యెండిపోయినచో ఊరివారందఱును చూతురు. సముద్రగర్భమందలి పచ్చిక ఆమడలకొలది నశించినను తీరమందలి బెస్తలకు దక్క నన్యులకు దెలియదు. ఈ సముద్రపుగడ్డి నాచు కాదు; వేరు, కాండము, పువ్వు, విత్తనము గల మొక్క. చేపపిల్లలకును రొయ్యపిల్లలకును నిదియే యాశ్రయము. సముద్రధేనువునకు నిదియే మేత. తీరపు టిసుక కొట్టుకొనిపోకుండ బట్టియుంచునదియు నిదియే.

ఇట్టి బయళ్ల విస్తీర్ణమును గొలిచి, పోయినచోట తిరిగి నాటిన జాలునని పెక్కురు తలంచుచున్నారు. చాలదని పశ్చిమ ఆస్ట్రేలియా యందలి షార్క్ అఖాతము చాటుచున్నది. అచ్చటి పది బయళ్ల నుండి పొసిడోనియా ఆస్ట్రాలిస్ అను గడ్డిని దెచ్చి, వేలకొలది జన్యుచిహ్నములను శాస్త్రజ్ఞులు సరిపోల్చిరి. 2022లో బ్రకటింపబడిన ఫలితము ఆశ్చర్యకరము. ఒక్కచోట దక్క తక్కిన తొమ్మిదింటను ఉన్నది ఒకే మొక్క! అది కనీసము 4,500 సంవత్సరములుగా నేలలో బ్రాకుచు 180 కిలోమీటర్లు వ్యాపించినది. వేఱుగానున్న యొక్కచోటి మొక్కలకు క్రోమోజోములు 20; దీనికి 40. కంటికి అనేకముగా గన్పట్టునది జన్యుపరీక్షకు ఏకమని తేలినది.

అరటితోట వేసిన రైతునకు దీని యర్థమును మేము వివరింప నక్కఱలేదు. పిలకలతో బెరిగిన తోట యంతయు నొకే వంశము. ఒక చెట్టును గూల్చు తెగులు తోటనంతయు గూల్పగలదు. 2003లో ఐరోపాను తీవ్రమైన వేడి బాధించినపుడు, బాల్టిక్ సముద్రమున బరీక్షార్థము నాటిన గడ్డిమడులలో, ఏకవంశపు మడులకంటె బహువంశముల మడులే బాగుగ గోలుకొన్నవి. షార్క్ అఖాతపు మొక్క యొంటరిగనే వేలయేండ్లు బ్రదికినదిగదా యని కొంద ఱాక్షేపింపవచ్చును. నిజమే. ఇనుమడించిన క్రోమోజోములు దానికి దోడ్పడియుండవచ్చును. కాని గడచిన కాలమును దాటిన మొక్క రాబోవు వేడిని గూడ దాటునని పూచీపడువా రెవరు?

మన దేశమునందు తమిళనాడు ప్రభుత్వము 2022లో పాక్ అఖాతమున 448 చదరపు కిలోమీటర్లను సముద్రధేనువుల సంరక్షణప్రాంతముగా బ్రకటించినది. ఇది శ్లాఘనీయము. మన్నారు సింధుశాఖలో గడ్డిని దిరిగి నాటు ప్రయత్నములును జరిగినవి. కాని నాటెడు మొక్క యేవంశపుది, తల్లిబయలున నెన్ని వంశములున్నవి యను ప్రశ్నకు సమాధానము రాకయే ప్రజాధనమును వెచ్చించుట, విత్తనమును బరీక్షింపక మడి చల్లుటవంటిది. ముందుగా బ్రతి బయలునందును ఆకులను సేకరించి పరీక్షింపవలెను. ఫలితములను బహిరంగముగ బ్రకటింపవలెను. వంశవైవిధ్యము గల బయళ్లను మొదట గాపాడి, వాని నుండియే నారు దీయవలెను.

ఇది తమిళసోదరులకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. ఆంధ్రులకును భాగమున్న పులికాటు సరస్సునందు నీ గడ్డి గలదు. పరీక్షకు బరదేశముల నాశ్రయింప బనిలేదు. హైదరాబాదునందలి సీసీఎంబీలో, అంతరించుచున్న జీవజాతుల కొఱకే ప్రత్యేక ప్రయోగశాల యున్నది. మన విశ్వవిద్యాలయములు దానితో జేయి కలిపి పులికాటుతో నారంభింపవలెనని మా సూచన.

ఒక్క మాట. నేలను గీచుకొనిపోవు ట్రాలరు వలలను, మురుగునీటిని అరికట్టక జన్యుపరీక్షలు మాత్రము చేయుట, రోగికి బథ్యము పెట్టక నాడి చూచుచు గూర్చుండుటయే యగును. పరీక్షయు వలయును, పథ్యమును వలయును. సముద్రముమీద బ్రదుకు బెస్తలపట్ల ప్రభుత్వములకు గల బాధ్యత యీ రెంటితోగాని తీరదు.