ఎండ పేరు, కరెంటు వేడి

ఒక వైశాల్యం దాటిన కొత్త ఇళ్ళకు సోలార్ హీటరును 2007లో కర్ణాటక ప్రభుత్వం తప్పనిసరి చేసింది. మంచిదే. అయితే బెంగళూరు అపార్ట్‌మెంట్లలో అది పదేళ్ళ తర్వాత పనిచేస్తోందా అని అడిగేదెవరు?

బోరునీటి సున్నం గొట్టాలలో పేరుకుంటుంది. ట్యాంకును తుప్పు నుంచి కాపాడే మెగ్నీషియం కడ్డీ కరిగిపోతుంది; మార్చే నాథుడుండడు. మిద్దె మీది వేడి కింది అంతస్తుకు చేరేలోగా బకెట్లకొద్దీ చన్నీళ్ళు కాలువపాలు.

అయినా ఎవరికీ అనుమానం రాదేం? ట్యాంకులో దాగిన కరెంటు కాయిల్ ఆ వైఫల్యాన్ని కప్పిపుచ్చుతుంది కనుక! నీళ్ళు వేడిగానే వస్తాయి. బిల్లు ఉమ్మడి ఖాతాలో కలిసిపోతుంది. కీర్తి సూర్యుడిది, ఖర్చు మనది.

మిత్రులారా, ఆ కాయిల్‌కు విడిగా మీటరు పెట్టించండి. నెలనెలా ఆ అంకెను నోటీసు బోర్డుకెక్కించండి. మన పర్యావరణ ప్రేమ నిగ్గు అక్కడే తేలుతుంది.