టెర్మినేటర్-2: యంత్రం కనబడింది, యజమాని ఏడి?

పోయిన నెల ఒక వూళ్లో మీటింగు అయిపోయాక కుర్రాళ్లు అంబేద్కర్ భవనం గోడకు తెల్ల దుప్పటి కట్టి సినిమా వేశారు. సినిమా పేరు 'టెర్మినేటర్-2'. అమెరికా సినిమా, మాటలన్నీ ఇంగ్లీషు. పట్నంలో చదువుకునే పిల్లగాడొకడు పక్కన నిలబడి కథ చెబుతూ పోయాడు. పిల్లలు ముందు కూర్చున్నారు, ఆడవాళ్లు అరుగుల మీద కూర్చున్నారు. రెండు గంటల పైచిలుకు సినిమా. ఒక్కరూ లేచిపోలేదు.

అయిపోయాక ఒక ముసలమ్మ దులుపుకుని లేస్తూ మమ్మల్ని ఒక మాట అడిగింది. "ఇంత లొల్లి జరిగె. అందరొచ్చిరి, అందరు కొట్టుకుని సచ్చిరి. ఆ కంపెనీ ఆసామి ఒక్కపారన్న రాకపాయె. ఏడున్నడు బిడ్డా వాడు?"

అప్పుడు మాకు జవాబు తోచలేదు. ఇంటికొచ్చినా ఆ ప్రశ్న వదల్లేదు. ఈ నాలుగు మాటలు దాని కోసమే రాస్తున్నాం.

సినిమాల సంగతి మనకెందుకు అనే మిత్రులున్నారు. మన వాడలో పిల్లలు పుస్తకం కంటే ముందు సినిమా చూస్తున్నారు. ఎవడు మంచోడు, ఎవడు చెడ్డోడు, ఎవడు చస్తే ఏడవాలి, ఎవడు చస్తే చప్పట్లు కొట్టాలి అనేది అక్కడే నేర్చుకుంటున్నారు. అందుకని మనకు అవసరమే.

ముందు సినిమా పుట్టుక చెప్పుకుందాం. జేమ్స్ కామెరాన్ అనే దర్శకుడు 1984లో 'టెర్మినేటర్' తీశాడు. దానికి 64 లక్షల డాలర్లు అయ్యాయి. అది ఆడింది. రెండో భాగం 1991 జులైలో వచ్చింది. ఈసారి ఖర్చు దాదాపు 10 కోట్ల డాలర్లు. అప్పటిదాకా ఏ సినిమాకూ అంత పెట్టలేదని గొప్పగా చెప్పుకున్నారు. వసూళ్లు ప్రపంచమంతా కలిపి 50 కోట్ల డాలర్లు దాటాయి. నాలుగు ఆస్కార్లు వచ్చాయి.

కథ ఇదీ. స్కైనెట్ అనే కంప్యూటర్ చేతిలో అమెరికా సైన్యం తన ఆయుధాలు పెడుతుంది. 1997 ఆగస్టు 29న దానికి సొంత బుద్ధి పుడుతుంది. మనుషులు భయపడి ఆపబోతే అది అణుబాంబులు వదులుతుంది. 300 కోట్ల మంది చచ్చిపోతారు. మిగిలినవాళ్లు జాన్ కానర్ అనే నాయకుడి వెనక నిలబడి యంత్రాల మీద పోరాడతారు. ఆ నాయకుడు పిల్లవాడిగా ఉన్నప్పుడే చంపెయ్యాలని యంత్రాలు భవిష్యత్తు నుంచి ఒక హంతక యంత్రాన్ని పంపుతాయి. వాణ్ని కాపాడటానికి మనుషులు ఇంకో యంత్రాన్ని పంపుతారు. మొదటి సినిమాలో చంపడానికొచ్చిన ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్ ఇందులో కాపాడటానికొస్తాడు.

మంచి ముందు చెప్పుకుందాం. మంచి చాలా ఉంది.

చంపడానికొచ్చిన యంత్రం ఏ బట్టలు వేసుకుంది? వస్తూనే ఒక పోలీసును చంపింది, వాడి యూనిఫాం వేసుకుంది, వాడి కారెక్కింది. అది ద్రవంలా కరిగే లోహం, ఎవరి రూపమైనా తీసుకోగలదు. అయినా సినిమా సగానికి పైగా అది పోలీసుగానే తిరుగుతుంది. ఎందుకంటే ఆ బట్టకు అన్ని తలుపులూ తెరుచుకుంటాయి. జాన్‌ను పెంచుతున్న వాళ్లింటికి పోయి మర్యాదగా పిల్లవాడి ఫోటో అడుగుతుంది. వాళ్లు తీసిచ్చేస్తారు. నువ్వెవరు, ఏ స్టేషను అని ఒక్క మాట అడగరు. తరవాత వాళ్లనే చంపుతుంది. ఖాకీని చూసి తలుపు గడియ వేసుకునే వాడల్లో ఈ సీను విడమరిచి చెప్పనక్కర్లేదు. మా పక్కనున్న పిల్లగాడు కథ చెప్పకముందే ముందు వరసలో పిల్లలు "వాడే, వాడే" అని అరిచారు.

సినిమా లాస్ ఏంజిలిస్ నగరంలో జరుగుతుంది. 1990 అక్టోబరులో షూటింగు మొదలుపెట్టి 1991 మార్చిలో ముగించారు. ఆ మార్చి 3 రాత్రి అదే నగరంలో రాడ్నీ కింగ్ అనే నల్లజాతి యువకుణ్ని పోలీసులు రోడ్డు మీద పడేసి లాఠీలతో కొట్టారు. ఎదురింటాయన తన బాల్కనీ నుంచి అది వీడియో తీశాడు. ప్రపంచమంతా చూసింది. 1992 ఏప్రిల్ 29న ఆ కేసులో జూరీ పోలీసులను వదిలేసింది. ఆ జూరీలో నల్లవాళ్లు ఒక్కరూ లేరు. నగరం తగలబడింది, 60 మందికి పైగా చచ్చిపోయారు. కామెరాన్ జోస్యం చెప్పాడని మేము అనడం లేదు. కథ ముందే రాసుకున్నది. కానీ రక్షించడానికి అని చెప్పుకునే బట్టలోనే చంపేవాణ్ని చూపించడానికి ధైర్యం కావాలి. పెద్ద డబ్బు పెట్టిన సినిమాలు సాధారణంగా ఆ ధైర్యం చెయ్యవు.

రెండో మంచి, శారా కానర్. జాన్ తల్లి. మొదటి సినిమాలో ఆమె హోటల్లో పళ్లేలు అందించే పిల్ల. రెండో సినిమాకు వచ్చేసరికి పిచ్చాసుపత్రిలో ఉంది. రాబోయే ప్రమాదం చెప్పింది, కంప్యూటర్ ఫ్యాక్టరీ పేల్చబోయింది, కనుక పిచ్చిది అన్నారు. డాక్టరు నవ్వుతాడు. కాపలావాడు ఆమెను కట్టేసి ఉన్నప్పుడు నాలుకతో మొహం నాకుతాడు. కొడుకును చూపించమని బతిమాలితే చూపించరు. నిజం చెప్పిన ఆడదాన్ని పిచ్చిదనడం, పిచ్చిదన్నాక ఏమైనా చెయ్యొచ్చనుకోవడం మనకు కొత్త కాదు. ఆ పాత్ర వేసిన లిండా హామిల్టన్ ఒళ్లు విరిచి కండలు పెంచింది. హీరో వచ్చి విడిపించేదాకా ఆగకుండా తన గొలుసు తనే తీసుకుంది. అరుగుల మీద ఆడవాళ్లు చప్పట్లు కొట్టింది ఆర్నాల్డ్‌కు కాదు, ఆమెకు.

మూడోది పనితనం. రెండు గంటల పదిహేడు నిమిషాల సినిమాలో కంప్యూటర్‌తో చేసిన బొమ్మ ఐదారు నిమిషాలకు మించదు. మిగతాదంతా మనుషులు చేతులతో చేసిన పని. బొమ్మలు చేసినవాళ్లు, మేకప్ వేసినవాళ్లు, నిజం లారీ నడిపినవాళ్లు. ఒకే మొహం ఇద్దరుగా కనబడాల్సిన చోట హామిల్టన్ కవల సోదరిని నిలబెట్టారు. ఇవాళ కంప్యూటర్ బొమ్మలతో నింపిన సినిమాలు మూడేళ్లకే వెలిసిపోతున్నాయి. ఇది ముప్పై ఏళ్లు దాటినా వెలవలేదు. డబ్బు ఒక్కటే కారణమైతే అవీ నిలవాలి కదా.

ఇక లోపాలు. ముసలమ్మ ప్రశ్న ఇక్కడుంది.

ఆ స్కైనెట్ యంత్రాన్ని ఎవరు కనిపెడతారు? మైల్స్ డైసన్ అనే శాస్త్రవేత్త. సైబర్‌డైన్ కంపెనీలో పెద్ద ఉద్యోగి, నల్లజాతి మనిషి. జో మోర్టన్ ఆ పాత్ర వేశాడు, చాలా బాగా వేశాడు. నల్లవాణ్ని దొంగగానో తాగుబోతుగానో చూపించే హాలీవుడ్ ఒక నల్లవాణ్ని తెలివైన శాస్త్రవేత్తగా, పెళ్లాంబిడ్డలతో చక్కని ఇంట్లో చూపించిందని సంతోషించాం. ఆ సంతోషం ఎంతో సేపు నిలవలేదు.

300 కోట్ల చావుల నేరం ఎవరి తల మీద పెట్టారు? ఆ ఒక్క మనిషి తల మీద. శారా తుపాకి తీసుకుని అర్ధరాత్రి అతని ఇంటికొస్తుంది. పిల్లవాడు తండ్రి మీద అడ్డంపడతాడు. ఆమె కాల్చలేకపోతుంది. సినిమాలో అన్నిటికన్నా గొప్ప సీను అదే. యంత్రంతో కొట్లాడి కొట్లాడి తనే యంత్రమైపోయానని ఆమెకు అప్పుడు తెలుస్తుంది. అప్పుడు డైసన్ అడుగుతాడు: నేనింకా చెయ్యని పనికి నన్నెందుకు చంపుతావు? న్యాయమైన ప్రశ్న. ఇంకో సంగతి కూడా చెబుతాడు. పాత యంత్రం ముక్కలు కంపెనీ తనకిచ్చింది, ఎక్కడివని అడగొద్దంది.

అడగొద్దన్నది ఎవరు? పేరు లేదు. మొహం లేదు. సినిమా ముందుకెళ్లిపోయింది.

స్కైనెట్‌కు డబ్బు మంజూరు చేస్తూ బిల్లు పాసవుతుందని ఆర్నాల్డ్ ఒక ముక్కలో చెబుతాడు. బిల్లు దానంతటది పాసవుతుందా? చేతులెత్తినవాళ్లెవరు? కంపెనీకి సైన్యం కాంట్రాక్టు ఇచ్చిందెవరు, లాభం తిన్నదెవరు? అదే 1991 జనవరి, ఫిబ్రవరిల్లో అమెరికా ఇరాక్ మీద బాంబులు వేస్తూ తన యంత్రాల గొప్ప టీవీల్లో చూపించింది. ఆ బాంబులు వాటంతటవి లేచాయా? మనుషులు హుకుం ఇస్తే లేచాయి. సినిమా మాత్రం యంత్రానికి బుద్ధి పుట్టింది, అందుకే ఇలా అయిందంటుంది. సొంత బుద్ధి పుట్టకముందే దాని చేతిలో బాంబు పెట్టినవాళ్ల బుద్ధి మాటేమిటి?

ఇక డైసన్ చావు చూడండి. తన జీవితమంతా చేసిన పనిని తనే తగలబెట్టడానికి ఒప్పుకుంటాడు. ఆ రాత్రి ఆఫీసులోకి పోలీసులు చొరబడి కాలుస్తారు. తూటాలు తగిలి కూలిపోయినవాడు బాంబు మీట పైన బరువు పట్టుకుని, ఎంతోసేపు పట్టుకోలేనని తనను కాల్చినవాళ్లకే చెబుతాడు. వాళ్లు పరుగెత్తి బతుకుతారు. అతను చచ్చిపోతాడు. ఆ తరవాత అతని భార్య, కొడుకు ఏమయ్యారో సినిమా మళ్లీ చూపించదు. ఆర్నాల్డ్ కరిగిన ఉక్కులోకి దిగేటప్పుడు బొటనవేలు ఎత్తి చూపిస్తే ప్రపంచమంతా కళ్లు తుడుచుకుంది. అది ఇనుప యంత్రం. రక్తమాంసాల డైసన్‌కు ఆ కన్నీళ్లలో ఎంత దక్కింది? తప్పు మోయడానికి నల్లవాడు, త్యాగం చెయ్యడానికి నల్లవాడు, నాయకుడు కావడానికి తెల్ల పిల్లవాడు. ఎడారిలో వీళ్లకు అన్నం పెట్టి, ఆయుధాలు దాచిపెట్టిన లాటినో కుటుంబం కూడా అంతే. సాయం చేసేదాకా ఉంటుంది, తరవాత ఉండదు. లెక్క ఎవరు రాశారోగాని మనకు బాగా తెలిసిన లెక్కే.

ఇంకొక లోపం. మనుషుల్ని చంపొద్దని పిల్లవాడు యంత్రానికి నేర్పుతాడు. మంచి మాట. యంత్రం ఏం చేస్తుంది? కాపలావాడి రెండు మోకాళ్లలో కాల్చి, బతుకుతాడులే అంటుంది. హాలంతా నవ్వింది, మా పిల్లలూ నవ్వారు. ఆ కాపలావాడు మాత్రం ఎవరు? నెల జీతానికి గేటు దగ్గర నిలబడేవాడు. కంపెనీ ఆసామి మోకాలికి మాత్రం ఒక్క దెబ్బ తగల్లేదు.

ఇదంతా సినిమా సంగతే కదా, ఎందుకింత పట్టింపు అంటారా? యంత్రం మన ఇంటికి కూడా వచ్చింది గనక. ఎర్ర కళ్లతో తుపాకి పట్టుకుని రాలేదు. రేషన్ డీలరు దగ్గర లిస్టు రూపంలో వచ్చింది. తెలంగాణలో దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు తీసేశారు. కంప్యూటర్ లెక్కలు జల్లెడ పట్టి వీళ్లు అర్హులు కాదంది, చాలామందికి ముందు నోటీసు కూడా లేదు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ కార్డులన్నిటినీ ఇళ్ల దగ్గరికి పోయి మళ్లీ విచారించమని చెప్పాల్సి వచ్చింది. అలా కార్డు పోయినవాళ్లు ఆఫీసుకు పోతే ఏమన్నారు? "మా చేతుల్లో లేదు, కంప్యూటర్ తీసేసింది" అన్నారు. స్కైనెట్ కథ కూడా ఇదే కదా. ఆ కంప్యూటర్‌కు ఏ లెక్క పెట్టాలో చెప్పిన మనిషి ఒకడు ఉంటాడు. వాడి సంతకం ఒక ఫైలు మీద ఉంటుంది. ఆ సంతకం వెతకడం మన పని.

ఈ సినిమా చివర శారా మాట బాగుంటుంది. ముందేమవుతుందో ఎవరూ రాసిపెట్టలేదని, మనం మార్చుకోవచ్చని ఆమెకు ఆశ కలుగుతుంది. తలరాత అని మనకు చెప్పినవాళ్లను ఎదిరించినవాళ్లం గనక ఆ మాట మనకు ఇష్టం. వ్యాపారానికి మాత్రం ఆ మాట ఇష్టం లేదు. 2003లో మూడో భాగం తీసి, ఆ వినాశనం తప్పదు, ఆపలేరు అన్నారు. 2009, 2015, 2019ల్లో ఇంకా తీశారు. యుద్ధం ఆగిపోతే టికెట్లు ఆగిపోతాయి మరి.

కాబట్టి మిత్రులారా, ఈ సినిమా చూడొద్దని మేము చెప్పడం లేదు. చూడండి. వాడల్లో వెయ్యండి. పోలీసు బట్టలో వచ్చిన హంతకుణ్ని పిల్లలకు చూపించండి. శారాను ఆడపిల్లలకు చూపించండి. డైసన్ పడిపోయిన చోట బొమ్మ ఆపి, ఇతను చేసిన తప్పెంత, ఇతనితో చేయించినవాళ్ల తప్పెంత అని అడగండి. లైట్లు వేశాక, దుప్పటి విప్పకముందు, ఆ ముసలమ్మ ప్రశ్న అందరితో కలిసి అడగండి. ఆ కంపెనీ ఆసామి ఏడున్నడు?

సినిమాలో దొరకడు. మండలాఫీసులో, కలెక్టరాఫీసులో, కాంట్రాక్టు కాగితాల్లో వెతికితే దొరుకుతాడు.