తల తన్నేవాడి మాట: ఔట్‌డూ

తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఇంకొకడు ఉంటాడని సామెత. ఆ తల తన్నే పనికి ఇంగ్లిష్‌లో ఓ చిన్న క్రియ ఉంది. అదే ‘ఔట్‌డూ’. ఒకరిని మించిపోవడం అని అర్థం. డూ, డిడ్, డన్ లాగానే ఇదీ ఔట్‌డూ, ఔట్‌డిడ్, ఔట్‌డన్ అని మారుతుంది. పలికేటప్పుడు ‘డూ’ను ఒత్తి పలకాలి.

చాలామంది తడబడేది వాక్యంలో. ‘అన్నకంటే బాగా చేసింది’ అంటాం కాబట్టి ఆ ‘కంటే’ను ఇంగ్లిష్‌లోకీ మోసుకెళ్తాం. ‘షీ ఔట్‌డిడ్ దాన్ హర్ బ్రదర్’ అంటాం. ఇది తప్పు. ‘కంటే’ అన్న అర్థం ‘ఔట్’లోనే ఉంది. ‘దాన్’ అక్కర్లేదు. ‘షీ ఔట్‌డిడ్ హర్ బ్రదర్ ఇన్ మ్యాథ్స్’ అంటే చాలు. మనసులో ‘అన్నను మించింది’ అనుకోండి, వాక్యం దానంతటదే కుదురుతుంది.

ఈ ‘ఔట్’ది పెద్ద కుటుంబమే. పరుగులో మించితే ఔట్‌రన్. తెలివితో బోల్తా కొట్టిస్తే ఔట్‌విట్. సంఖ్యలో మించితే ఔట్‌నంబర్. నిరుడు కుట్టించిన చొక్కా పిల్లాడికి ఈ ఏడాది పట్టకపోతే ‘హీ హాజ్ ఔట్‌గ్రోన్ హిజ్ షర్ట్’.

‘నాట్ టు బి ఔట్‌డన్’ అనే పలుకుబడి కూడా తరచూ వినిపిస్తుంది. ‘నేనేమైనా తక్కువ తిన్నానా’ అన్నట్టన్నమాట. సంక్రాంతికి ఎదురింటివాళ్లు ముగ్గులో ఒక నెమలిని వేశారని మనం రెండు వేస్తే, అక్కడ ఈ మాట సరిగ్గా అతుకుతుంది.

ఇక ‘ఔట్‌డూ వన్‌సెల్ఫ్’ అంటే తనను తాను మించడం. మించడమంటే ప్రతిసారీ పక్కవాణ్నే కానక్కర్లేదు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో నీరజ్ చోప్రా ఈటెను 87.58 మీటర్లు విసిరి స్వర్ణం గెలిచాడు. 2024 పారిస్‌లో 89.45 మీటర్లు విసిరాడు. కానీ పాకిస్థాన్ ఆటగాడు అర్షద్ నదీమ్ 92.97 మీటర్లతో ఒలింపిక్ రికార్డు సృష్టించాడు. నీరజ్‌కు రజతం దక్కింది. ‘అర్షద్ ఔట్‌డిడ్ నీరజ్’ అన్నది నిజం. ‘నీరజ్ ఔట్‌డిడ్ హిజ్ టోక్యో త్రో’ అన్నదీ అంతే నిజం. స్వర్ణం గెలిచిన అబ్బాయి కూడా తమ బిడ్డలాంటివాడేనని నీరజ్ తల్లి సరోజ్ దేవి అన్నారు.

ప్రోగ్రెస్ కార్డు చేతికి రాగానే చాలా ఇళ్లలో మొదట అడిగేది పక్కింటి పిల్లాడి మార్కులే. దాంతో పోయినసారి 52 తెచ్చుకుని ఈసారి 61కి ఎదిగిన పిల్లాడి కష్టం ఎవరికీ కనబడదు. ‘డిడ్ యు ఔట్‌డూ హిమ్?’ అని కాకుండా ‘డిడ్ యు ఔట్‌డూ యువర్ లాస్ట్ స్కోర్?’ అని అడిగి చూడండి. క్రియ అదే, కర్మ మాత్రమే మారింది. పిల్లాడు తలెత్తి జవాబు చెబుతాడు.