పంట రుణం పండించేవాళ్ళకే దక్కాలి

కౌలు రైతులకు, వ్యవసాయ కూలీలకు, భూమి యజమానులకు, బ్యాంకు అధికారులకు విన్నపం

ప్రతి సార్వాకూ ఊడ్పుల వేళ మన డెల్టా ఊళ్ళలో ఒకటే గొడవ. కూలి పెంచమని ముఠావాళ్ళు అడుగుతారు. ఎక్కడి నుంచి తెచ్చి ఇవ్వనని కౌలు రైతు అంటాడు. ఇద్దరు చెప్పేదీ నిజమే. కాలవ గట్టు మీద అరగంట వాదులాడుకుని, ఏదో ఒక అంకె దగ్గర రాజీపడి మడిలోకి దిగుతారు. కూలి రేటు ఆ అరగంటలోనే తేలిందని ఊరంతా అనుకుంటుంది. మా మాట వేరు. ఆ రేటు చాలా వరకు వేసవిలో కౌలు మాట్లాడుకున్న రోజునే తేలిపోయింది. మిగతాది ఎరువుల కొట్టులో ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టిన రోజున తేలింది. కూలీకి ఎంత ఇవ్వాలి, ఎంతమందిని పిలవాలి అన్న రెండు ప్రశ్నలకూ జవాబు భూమి ధరలోనూ వడ్డీ రేటులోనూ ఉంది. అక్కడ సరిచేయకుండా గట్టు మీద ఎంత వాదించుకున్నా పేదవాళ్ళు పేదవాళ్ళతో తగాదా పడటమే అవుతుంది.

లెక్క వేసి చూద్దాం. ఇవి ఉదాహరణకు వేసిన అంకెలే, మీ ఊరివి వేసుకుని చూడండి. ఎకరానికి 30 బస్తాలు పండాయనుకుందాం. 2025-26కు సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, అంటే 75 కిలోల బస్తాకు సుమారు 1,777. తరుగు, తేమ కోతలేవీ లేకుండా పూర్తి ధర చేతికొస్తే 53,310 రూపాయలు. కౌలు 15 బస్తాలైతే అందులో సగం, 26,655, యజమానికి పోతుంది. దుక్కి, విత్తనం, ఎరువు, మందులు, ఊడ్పు, కలుపు, కోత అన్నీ కలిపి 25,000 అయిందనుకుంటే చేతిలో మిగిలేది 1,655. వడ్డీ ఇంకా కట్టనేలేదు. నెలకు నూటికి రెండు రూపాయల చొప్పున ఆ 25,000 మీద ఆరు నెలల వడ్డీ 3,000. ఇంటిల్లిపాదీ చేసిన చాకిరీకి ఒక్క రూపాయి కట్టకుండానే ఎకరానికి 1,345 నష్టం.

ఆ 25,000 బ్యాంకు పంట రుణంగా దొరికి ఉంటే? 3 లక్షల వరకు పంట రుణానికి వడ్డీ 7 శాతం, గడువులోగా కట్టినవాళ్ళకు రాయితీ పోను 4 శాతమే. ఆరు నెలలకు 500 రూపాయలు. అప్పుడు 1,155 మిగులుతుంది. వాన మారలేదు, తెగులు మారలేదు, ధాన్యం ధర మారలేదు. అప్పు ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఒక్కటే మారింది. ఎకరానికి 2,500 తేడా. కూలీ అడిగే యాభై, వంద ఇందులోంచే రావాలి.

కౌలు ముందే నిర్ణయమైపోయింది, ముందస్తు కౌలు పద్ధతి ఉన్న చాలా ఊళ్ళలో విత్తనం పడకముందే కట్టేశారు కూడా. ఎరువు ధర రైతు చేతిలో లేదు. వడ్డీ వ్యాపారి పైసా తగ్గించడు. కౌలు రైతు బేరమాడగలిగిన ఖర్చు ఒక్క కూలే. అందుకే పైనున్న బరువంతా చివరికి కూలి మీదకు దిగుతుంది. ఒక్కోసారి అసలు పనే పోతుంది. 2011లో కోనసీమ రైతులు లెక్క కుదరక సార్వాకు పంట విరామం ప్రకటించారు. చేలు బీడుపడితే ఊడ్పుల కూలీ లేదు, కోతల కూలీ లేదు. రైతు కనీసం పెట్టుబడి మిగుల్చుకున్నాడు, కూలీలకు మిగిలిందేమీ లేదు.

ఎక్కువమంది గమనించని సంగతి ఒకటుంది. ట్రాక్టరుకో కోత మిషనుకో బ్యాంకు అప్పిస్తుంది, ఆ యంత్రమే తాకట్టు. ప్రభుత్వాలు యంత్రాలకు సబ్సిడీ కూడా ఇస్తూ వచ్చాయి. యంత్రాన్ని మేము తప్పు పట్టడం లేదు. నడుం విరిగే పని తగ్గింది, తుఫాను వస్తోందంటే కళ్ళముందే చేను ఒడ్డెక్కుతోంది. కానీ కలుపుకు ఇరవైమంది ఆడకూలీలను పిలవడానికి కౌలు రైతుకు కావలసిన డబ్బుకు బ్యాంకులో చోటు లేదు, అది నూటికి రెండు మూడు రూపాయల వడ్డీకి తేవలసిందే. కలుపు మందు డబ్బా కొట్టులో అరువుకు దొరుకుతుంది. కూలి డబ్బు మాత్రం చేతిలో పెట్టాలి. మనిషికి పని తగ్గించే పెట్టుబడి సులువుగా, పని ఇచ్చే పెట్టుబడి భారంగా దొరుకుతుంటే రైతు ఎటు మొగ్గుతాడో వేరే చెప్పక్కర్లేదు. కలుపుతీత పనిదినాలు తగ్గడంలో మందు పనితనంతో పాటు ఈ అరువుకూ వాటా ఉంది. అరువిచ్చిన కొట్టుకే, కమీషన్ వ్యాపారికే పంట తోలాలన్న షరతు ఉన్నచోట ధర దగ్గర ఇంకో కోత పడుతుంది. అదీ చివరికి కూలి దాకా వస్తుంది.

ఇది ఏ నలుగురైదుగురి సమస్యో అయితే కరపత్రం వేసేవాళ్ళం కాదు. 2019 సంవత్సరానికి కేంద్ర గణాంక శాఖ చేసిన సర్వేలో ఆంధ్రప్రదేశ్ సాగు కమతాల్లో 42.4 శాతం కౌలు భూమి ఉన్నవేనని తేలింది. దేశం మొత్తానికి ఇది 17.3 శాతం. మన రాష్ట్రానిదే అన్నిటికన్నా ఎక్కువ. అదే సర్వే ప్రకారం మన రాష్ట్ర వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతం అప్పుల్లో ఉన్నాయి, సగటు అప్పు 2,45,554 రూపాయలు. సాగులో ఇంత పెద్ద భాగం కౌలు మీద నడుస్తుంటే, పంట రుణం ఇంకా పట్టాదారు పాసు పుస్తకం చూసి ఇస్తున్నారు.

బ్యాంకుకు వెళ్ళిన కౌలు రైతుకు వినపడే మాట అందరికీ తెలుసు. ఈ సర్వే నంబరు మీద రుణం ఇప్పటికే ఉంది, ఒకే భూమి మీద రెండు పంట రుణాలు ఇవ్వం. ఆ రుణం తీసుకున్నది ఎవరు? హైదరాబాదులోనో బెంగళూరులోనో డాలస్‌లోనో ఉన్న యజమాని, లేదా ఊళ్ళోనే ఉంటూ సాగు మానేసిన యజమాని. ఆ భూమిలో ఆయన విత్తనం వేయలేదు, కూలీని పిలవలేదు. పంట కోసం ఇచ్చే రాయితీ వడ్డీ పంట వేయనివారికి పోతోంది, పంట వేసినవారు నోటు రాస్తున్నారు. భూమి మీద అప్పు కావాలంటే యజమానికి వేరే రుణాలున్నాయి, మేము అడ్డు చెప్పం. పంట రుణం మాత్రం పంటకే పోవాలి.

2011లో వచ్చిన భూ అధీకృత సాగుదారుల చట్టం ఈ దారిలో వేసిన మంచి అడుగు. ఆ చట్టం ప్రకారం కౌలు రైతు తానే దరఖాస్తు పెట్టుకోవచ్చు, యజమాని సంతకం అక్కర్లేదు, అధికారులు గ్రామంలో విచారించి రుణ అర్హత కార్డు ఇవ్వాలి. ఆ కార్డు భూమి మీద హక్కుకు సాక్ష్యం కాదని చట్టంలోనే రాశారు. దాని స్థానంలో ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. 11 నెలల కార్డు. కానీ యజమాని అంగీకార సంతకం తప్పనిసరి చేశారు. చట్టం పేరులో హక్కు ఉంది, తాళం చెవి మాత్రం యజమాని దగ్గర ఉండిపోయింది. సంతకం అడిగితే వచ్చే ఏడు పొలం దక్కదన్న భయంతో చాలామంది అడగనే అడగరు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారుకే డబ్బు వేసింది, సాగు చేసే కౌలుదారును లెక్కలోకే తీసుకోలేదు.

యజమానుల భయాన్ని మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారుల్లో కొందరికి భూమినే ఇప్పించింది, 1956 నాటి ఆంధ్ర కౌలుదారీ చట్టం కౌలుదారును ఇష్టం వచ్చినప్పుడు తీసేయకుండా అడ్డుకట్ట వేసింది. కాగితం మీద కౌలుదారు పేరు పడితే భూమి పోతుందన్న భయం అక్కడి నుంచి వచ్చింది. తాతలు సంపాదించిన నాలుగు ఎకరాలే ఆధారమైన వితంతువు, పిల్లల చదువుల కోసం పట్నం చేరిన చిన్న రైతు కూడా యజమానులే. వాళ్ళకు మా హామీ ఒక్కటే: సాగు కార్డు సాగుకు మాత్రమే, హక్కుకు కాదు అన్న మాట చట్టంలో ఇంకా గట్టిగా రాయించడానికి మీతో కలిసి మేమూ అడుగుతాం. మీ భూమి మీదే. అందులో చెమటోడ్చేవాళ్ళకు బ్యాంకు దారి తెరవనివ్వండి. విదేశాల్లో ఉన్న తెలుగువారికీ ఇదే మనవి. మీ పొలం ఎవరు చేస్తున్నారో మీ ఊరికి తెలుసు. ఆ సంగతి మీరే ముందుకొచ్చి రాసివ్వండి.

ఎవరు సాగు చేస్తున్నారో తెలుసుకోవడం కష్టమన్న వాదన ఇక నిలవదు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పంట నమోదు ప్రతి సీజనులో జరుగుతోంది. ఏ సర్వే నంబరులో ఏ పంట ఉంది, ఎవరు వేశారు అన్నది గ్రామ స్థాయి సిబ్బంది చేనుకు వెళ్ళి నమోదు చేయాలి. ఆ నమోదు నిజాయితీగా జరిగితే కార్డుకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. తాకట్టు లేదన్న మాటా చెల్లదు. 2025 జనవరి 1 నుంచి తాకట్టు లేని వ్యవసాయ రుణం పరిమితిని రిజర్వు బ్యాంకు 1.6 లక్షల నుంచి 2 లక్షలకు పెంచింది. సెంటు భూమి లేని ఆడవాళ్ళ డ్వాక్రా సంఘాలకు ఇవే బ్యాంకులు ఏళ్ళ తరబడి అప్పులిచ్చి వసూలు చేసుకుంటున్నాయి. ఆ అప్పు తెచ్చి కౌలు కట్టే ఇళ్ళు మన ఊళ్ళలో ఎన్ని లేవు?

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. కౌలు రైతుకు చవక అప్పు దొరికితే యజమాని కౌలు పెంచేస్తాడు, కలిసొచ్చిన 2,500 అటే పోతుంది అంటారు. ఇది నిజం కావచ్చు. పొలం కోసం పదిమంది పోటీపడే ఊళ్ళో అప్పొక్కటే చవక చేస్తే లాభం భూమి వైపే జారుతుంది. అందుకే రుణంతో పాటు కౌలు ఒప్పందం కాగితం మీదకు రావాలి, కనీసం మూడేళ్ళ గడువు ఉండాలి, మూడేళ్ళ కౌలు మొదటే రాసుకోవాలి, పంట పోయిన ఏడు కౌలు ఎంత తగ్గుతుందో అందులోనే ఉండాలి. ఏటేటా పొలం చేతులు మారుతుంటే ఎవరూ పశువుల ఎరువు వేయరు, గట్లు సరిచేయరు, ఆ పనులకు కూలీని పిలవరు.

కౌలు రైతు చేతిలో నాలుగు రూపాయలు మిగిలితే కూలి దానంతటదే పెరుగుతుందని కూడా మేము చెప్పడం లేదు. ఈ పని కాదంటే ఇంకో పని ఉన్న రోజునే కూలీ మాటకు విలువ ఉంటుంది. ఉపాధి హామీ వచ్చాక ఆడకూలీలు కూలి దగ్గర గట్టిగా మాట్లాడగలిగారంటే కారణం అదే. 2006లో ఆ పథకం మొదలైంది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. ఇంటి దగ్గర పని, నీళ్ళు లేని కోసిగి, మంత్రాలయం ప్రాంతాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు సుగ్గి వలసకని గుంటూరు మిరప చేలకు తరలివస్తాయి. తిరిగి వెళ్ళినా పని దొరకని మనిషి ఎంతిచ్చినా చేస్తుంది. ఆ మనిషికే తన ఊళ్ళో నలుగురితో కలిసి కౌలుకు తీసుకున్న రెండెకరాలు, వాటి మీద బ్యాంకు రుణం ఉంటే బేరం మారుతుంది. కేరళలో కుటుంబశ్రీ మహిళా బృందాలు ఇలాగే ఉమ్మడిగా కౌలుకు తీసుకుని, బృందం పూచీ మీద బ్యాంకు రుణంతో సాగు చేస్తున్నాయి. మన డ్వాక్రా బలం దానికి తక్కువేమీ కాదు.

కాగితం మీద లేని శ్రమకు ఏం విలువ కడతారో అమరావతిలో చూశాం. 2015లో రాజధాని కోసం 33 వేల ఎకరాలకు పైగా భూసమీకరణ జరిగినప్పుడు యజమానులకు ప్లాట్లతో పాటు మెట్ట ఎకరాకు ఏడాదికి 30,000, నీటి వసతి ఉన్న జరీబు ఎకరాకు 50,000 కౌలు పరిహారం, ఏటా పెంపుదలతో ఇస్తామన్నారు. ఆ భూముల్లో ఏడాది పొడవునా పని చేసిన భూమిలేని కుటుంబానికి నెలకు 2,500 పింఛను, అంటే ఏడాదికి 30,000. ఇంటిల్లిపాది బతుకుతెరువుకు ఒక మెట్ట ఎకరా పాటి విలువ. కౌలుదారు పేరు ఏ రికార్డులోనూ లేకపోవడంతో సాగుదారుగా అడగడానికి అతని చేతిలో కాగితమే లేదు.

కాబట్టి మేము అడుగుతున్నది ఇది. సాగు కార్డుకు యజమాని సంతకం షరతు తీసేయాలి. ఈ-పంట నమోదు, గ్రామసభ విచారణ ఆధారంగా కార్డు ఇవ్వాలి, సార్వాకు ముందే, మే నెలాఖరులోగా. భార్యాభర్తలిద్దరి పేర్లూ అందులో ఉండాలి, ఎందుకంటే మగవాడు పోయిన మర్నాడు ఆ పొలం నడపవలసింది ఆమే. కార్డు ఉన్న భూమి మీద రాయితీ పంట రుణం కార్డుదారుకే ఇవ్వాలి. పంట బీమా, నష్టపరిహారం, ధాన్యం డబ్బు కూడా ఆ ఖాతాకే రావాలి. మూడేళ్ళ కౌలు రాసిచ్చిన యజమానికి హక్కు భద్రత హామీ పత్రం తహసీల్దారు కార్యాలయం నుంచి ఇవ్వాలి. కూలీల ముఠాలు, మహిళా సంఘాలు ఉమ్మడిగా కౌలుకు తీసుకుంటే వాళ్ళకు మొదటి ప్రాధాన్యం ఉండాలి. తెలంగాణలో సాగు సాయం ఏ పేరుతో ఇచ్చినా కౌలుదారును చేర్చాలి.

కూలీ అక్కచెల్లెళ్ళారా, కౌలు రైతు అన్నదమ్ములారా! ఈ ఏడు ఊడ్పుల రేటు కోసం ఒకరి మీద ఒకరు కోపం పెట్టుకోకండి. వేసవి గ్రామసభకు ఇద్దరూ కలిసి రండి. ఏ పొలం ఎవరు చేస్తున్నారో అక్కడ అందరి ముందూ చెప్పండి, తీర్మానంలో రాయించండి. కార్డు కోసం అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. బ్యాంకు కాదంటే ఎందుకు కాదంటోందో కాగితం మీద రాసిమ్మని అడగండి. ఆ కాగితాలన్నీ కలిపి కలెక్టరుకు, జిల్లా లీడ్ బ్యాంకు మేనేజరుకు, మీ శాసనసభ్యునికి అందజేద్దాం. ఒక్కరి అర్జీ పక్కన పడేస్తారు, ఊరి అర్జీకి జవాబు చెప్పి తీరాలి. తప్పక రండి.