సైకిల్‌కి హెల్మెట్: ట్రాక్‌పై తొక్కేవాళ్లకు ఉంది.. లారీల పక్కన తొక్కేవాళ్లకు లేదు! ఎందుకిలా?

పొద్దున్నే ఆరు గంటలకు హైదరాబాద్ శివార్లలోని ఔటర్ రింగ్ రోడ్ సైకిల్ ట్రాక్ దగ్గరికి వెళ్తే ఒక సీన్ కనిపిస్తుంది. గేర్ సైకిళ్లు, రంగురంగుల జెర్సీలు, చేతులకు గ్లౌజులు.. చాలామంది తలపై హెల్మెట్. సరిగ్గా అదే టైమ్‌లో జీడిమెట్ల, బాలానగర్, పటాన్‌చెరు రోడ్ల మీద ఇంకో సీన్. హ్యాండిల్‌కి టిఫిన్ బాక్స్ తగిలించుకుని షిఫ్ట్‌కి వెళ్లే కార్మికుడు, నైట్ డ్యూటీ దిగి ఇంటికెళ్లే వాచ్‌మన్, ఇంటింటికీ పేపర్లేసే కుర్రాడు. వీళ్లూ సైకిల్ మీదే వెళ్తున్నారు. కానీ తలకు హెల్మెట్ ఉండదు. మహా అయితే ఎండకు చుట్టుకున్న తువ్వాలు ఉంటుంది.

విచిత్రం ఏంటంటే.. 2023 అక్టోబర్ 1న ప్రారంభమైన ఆ 23 కిలోమీటర్ల ట్రాక్‌పై లారీలు, బస్సులు రావు. పైన సోలార్ ప్యానెళ్ల నీడ కూడా ఉంటుంది. పారిశ్రామికవాడ రోడ్డు మీద మాత్రం సైకిల్‌కి ఆనుకునే కంటైనర్లు వెళ్తుంటాయి. అంటే ప్రమాదం తక్కువున్న చోట హెల్మెట్ ఉంది, ఎక్కువున్న చోట లేదు. ఇది కేవలం అవగాహన లేకపోవడమేనా? వేర్వేరు దేశాల లెక్కలు చూస్తే అసలు సంగతి వేరే ఉందని అర్థమవుతుంది.

చట్టం ఏం చెబుతోంది?

బైక్‌పై హెల్మెట్ లేకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 129 ప్రకారం హెల్మెట్ తప్పనిసరి. 2019 సవరణ తర్వాత చట్టంలో ఉన్న జరిమానా వెయ్యి రూపాయలు, మూడు నెలలు లైసెన్స్‌పై వేటు కూడా పడొచ్చు. కానీ ఈ సెక్షన్ మోటార్ సైకిళ్లకే. మామూలు సైకిల్ ఈ చట్టం దృష్టిలో మోటారు వాహనమే కాదు. కాబట్టి సైక్లిస్టుకు రూల్ లేదు, చలాన్ లేదు, ఆపి అడిగేవాళ్లూ లేరు.

లెక్కల్లోనూ ఇదే తేడా. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. హెల్మెట్ లేక చనిపోయినవాళ్లు 50,029 మంది అని అదే నివేదిక చెబుతోంది. అయితే ఆ 50 వేలు టూవీలర్ నడిపేవాళ్లు, వెనక కూర్చున్నవాళ్ల లెక్క. సైకిల్ తొక్కుతూ చనిపోయినవాళ్లు మొత్తం మృతుల్లో దాదాపు 3 శాతం. శాతంగా చూస్తే చిన్నగా అనిపిస్తుంది కానీ.. రోజుకు పది మందికి పైనే! వాళ్ల విషయంలో తలకు హెల్మెట్ ఉందా లేదా అన్న ప్రశ్నే హెల్మెట్ లెక్కలోకి రాదు.

పోనీ సైకిల్ తొక్కేవాళ్లు తగ్గిపోయారా అంటే అదీ లేదు. వ్యవసాయం, ఇంటి దగ్గర చేసుకునే చేతిపనులు కాకుండా బయట పనులు చేసుకునేవాళ్లలో సుమారు 13 శాతం మంది సైకిల్‌పైనే పనికి వెళ్తున్నారని 2011 జనాభా లెక్కలు చెప్పాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో సగం ఇళ్లలో సైకిల్ ఉందని తేలింది.

ఒకే దేశం.. ఒకే రూల్.. ఒక చోట 60 శాతం, ఇంకో చోట 2 శాతం!

ఇప్పుడు జపాన్ సంగతి చూద్దాం. అక్కడ 2023 ఏప్రిల్ 1 నుంచి వయసుతో సంబంధం లేకుండా సైకిల్ తొక్కే ప్రతి ఒక్కరూ హెల్మెట్ పెట్టుకునే ప్రయత్నం చేయాలని రూల్ తెచ్చారు. పెట్టుకోకపోతే జరిమానా మాత్రం లేదు. అదే ఏడాది జులైలో అక్కడి జాతీయ పోలీస్ ఏజెన్సీ రోడ్ల మీద నిలబడి లెక్కించింది. దేశం మొత్తం మీద హెల్మెట్ పెట్టుకున్నవాళ్లు 13.5 శాతమే.

అసలు ట్విస్ట్ ప్రాంతాలవారీ లెక్కలో ఉంది. ఎహిమే అనే ప్రిఫెక్చర్‌లో 59.9 శాతం. నీగాతాలో 2.4 శాతం. ప్రిఫెక్చర్ అంటే మన రాష్ట్రం లాంటిది అనుకోవచ్చు. దేశం ఒకటే, రూల్ ఒకటే, షాపుల్లో దొరికే హెల్మెట్లూ అవే. మరి ఇంత తేడా ఎలా?

సమాధానం ఎహిమే స్కూళ్లలో ఉంది. సైకిల్‌పై బడికెళ్లే పిల్లలు ప్రమాదాల్లో చనిపోవడంతో, 2015 జులై నుంచి అక్కడి ప్రభుత్వ హైస్కూళ్లలో సైకిల్‌పై వచ్చే విద్యార్థులకు హెల్మెట్ తప్పనిసరి చేశారు. ఆర్డర్ వేసి ఊరుకోలేదు.. విద్యార్థులకు హెల్మెట్లు ప్రభుత్వమే ఇచ్చింది. క్లాసులో అందరికీ ఉంటే పెట్టుకోవడానికి సిగ్గెందుకు? ఆ పిల్లలే పెద్దవాళ్లయ్యారు. దేశమంతా రూల్ వచ్చేసరికి ఎహిమేలో అలవాటు ముందే ఉంది. మిగతా చోట్ల అప్పుడే మొదలైంది. 2024లో మళ్లీ లెక్కిస్తే దేశ సగటు 17 శాతం, ఎహిమేలో 69.3 శాతం.

ఫైన్ వేస్తే పెట్టుకుంటారా?

పెట్టుకుంటారు. దానికి ఆస్ట్రేలియానే సాక్ష్యం. అక్కడి విక్టోరియా రాష్ట్రం 1990 జులై 1 నుంచి సైక్లిస్టులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. ప్రపంచంలో ఇలాంటి చట్టం అదే మొదటిది. ఆ ఏడాది మార్చిలో 31 శాతంగా ఉన్న వాడకం ఏడాది తిరిగేసరికి 75 శాతానికి చేరింది.

కానీ నాణేనికి రెండో వైపు కూడా ఉంది. చట్టం వచ్చాక మెల్‌బోర్న్‌లో టీనేజ్ పిల్లలు సైకిల్ తొక్కడమే బాగా తగ్గించేశారని సర్వేలు చూపించాయి. అమెరికాలోని సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీలో ఇంకో సమస్య వచ్చింది. అక్కడ హెల్మెట్ పేరుతో పోలీసులు ఆపి ఫైన్ వేసేవాళ్లలో ఇల్లు లేనివాళ్లు, నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉన్నారని విమర్శలొచ్చాయి. దీంతో 2022 ఫిబ్రవరిలో ఆ రూల్‌నే ఎత్తేశారు. హెల్మెట్ మంచిదే, పెట్టుకోండి అని చెబుతూనే ఫైన్ తీసేశారు.

మన దగ్గర కూడా సైకిల్‌కి చలాన్ మొదలైతే ఎవరు కడతారో ఊహించడం కష్టం కాదు. ట్రాక్‌పై తొక్కేవాళ్ల దగ్గర హెల్మెట్ ఉంది. చలాన్ పడేది టిఫిన్ బాక్స్ వాళ్లకే.

చట్టం లేకుండానే మారిన డెన్మార్క్

డెన్మార్క్‌లో పెద్దవాళ్లకు హెల్మెట్ చట్టం లేదు. 2004లో అక్కడి నగరాల్లో హెల్మెట్ పెట్టుకునే సైక్లిస్టులు 6 శాతమే. స్కూళ్లలో ప్రచారం, ఏటా లెక్కింపు, మళ్లీ ప్రచారం.. ఇలా ఒకటిన్నర దశాబ్దం దాటేసరికి దాదాపు సగం మంది పెట్టుకుంటున్నారు. నెమ్మదిగానే జరిగింది, కానీ చట్టం లేకుండానే జరిగింది.

నెదర్లాండ్స్ మాత్రం వేరే కథ. మనుషుల కంటే సైకిళ్లు ఎక్కువున్న దేశం. అక్కడ మామూలుగా సైకిల్ తొక్కేవాళ్లలో హెల్మెట్ పెట్టుకునేవాళ్లు చాలా తక్కువ. వాళ్ల ధైర్యం రోడ్లే.. వేల కిలోమీటర్ల సెపరేట్ సైకిల్ దారులు, సైకిల్ కనిపిస్తే స్లో అయ్యే కార్లు. అయితే అక్కడ కూడా సీన్ మారుతోంది. 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 745 మందిలో 291 మంది సైకిల్ తొక్కేవాళ్లే. వాళ్లలో ఎక్కువమంది వృద్ధులు. ఎలక్ట్రిక్ సైకిళ్లు పెరగడంతో హెల్మెట్ పెట్టుకోమని ఇప్పుడు వాళ్లూ చెబుతున్నారు.

హెల్మెట్ ఎంతవరకు కాపాడుతుంది?

ఇక్కడ క్లారిటీ అవసరం. 64 వేల మందికి పైగా గాయపడిన సైక్లిస్టుల వివరాలున్న 40 అధ్యయనాలను కలిపి 2017లో పరిశోధకులు విశ్లేషించారు. హెల్మెట్ ఉన్నవాళ్లకు తల గాయం ముప్పు 51 శాతం, తీవ్రమైన తల గాయం ముప్పు 69 శాతం తక్కువని తేలింది. చిన్న విషయం కాదిది.

అలాగని అది కవచం కూడా కాదు. యూరప్ ప్రమాణం ప్రకారం సైకిల్ హెల్మెట్‌ను గంటకు దాదాపు 20 కిలోమీటర్ల వేగంతో గట్టి దిమ్మెపై పడేసి పరీక్షిస్తారు. అంటే సైకిల్ జారి పడినప్పుడు, గుంతలో పడి తల రోడ్డుకు తగిలినప్పుడు అది బాగా పనిచేస్తుంది. 60 కిలోమీటర్ల స్పీడ్‌లో వచ్చే లారీ గుద్దితే దాని నుంచి కాపాడడానికి తయారు చేసింది కాదు. అందుకే హెల్మెట్ ఒక్కటే చాలు అనడం ఎంత తప్పో, రోడ్లు బాగుపడేదాకా హెల్మెట్ వద్దు అనడం కూడా అంతే తప్పు.

మరి మనవాళ్లు ఎందుకు పెట్టుకోవట్లేదు?

"వాళ్లకు తెలియదు" అనేయడం ఈజీ. కానీ కార్మికుడి వైపు నుంచి చూడండి. వెయ్యి రూపాయల లోపు హెల్మెట్లు దొరుకుతాయి నిజమే. అయినా సెకండ్ హ్యాండ్‌లో కొన్న సైకిల్‌కి పంక్చర్ వేయించడానికే ఆలోచించే మనిషికి అది చిన్న ఖర్చేం కాదు. పైగా వీధి చివర సైకిల్ షాపులో ట్యూబులు, బెల్లులు ఉంటాయి.. హెల్మెట్ కావాలంటే పెద్ద స్పోర్ట్స్ షోరూమ్‌కో, ఆన్‌లైన్‌కో వెళ్లాలి. పని చేసే చోట దాచుకునే జాగా ఉండదు. మే నెల ఎండలో ఆ చెమట వేరే.

వీటన్నిటికన్నా పెద్దది ఇంకోటి ఉంది. మన దగ్గర సైకిల్ హెల్మెట్ అంటే ఫిట్‌నెస్ కోసం తొక్కేవాళ్ల వస్తువు అనే ముద్ర పడిపోయింది. డొక్కు సైకిల్ మీద హెల్మెట్ పెట్టుకుని వెళ్తే చూసేవాళ్లు నవ్వుతారన్న మొహమాటం. ఎహిమేలో బడి పోగొట్టింది సరిగ్గా ఈ మొహమాటాన్నే.

చేయాల్సింది ఎక్కడ మొదలవ్వాలి?

తెలుగు రాష్ట్రాల్లో దీనికి దారి ఆల్రెడీ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో గతంలో 'బడికొస్తా' పేరుతో ప్రభుత్వ బడుల్లో చదివే అమ్మాయిలకు ఉచితంగా సైకిళ్లు ఇచ్చారు. దూరాభారం వల్ల ఆడపిల్లలు చదువు మానేయకూడదన్నది ఆ స్కీమ్ ఉద్దేశం. ఇలాంటి పథకం ఏ ప్రభుత్వం ఎప్పుడు తెచ్చినా సైకిల్‌తో పాటు ఒక హెల్మెట్ కూడా చేర్చితే? పక్క ఊరి నుంచి హైవే దాటి బడికొచ్చే పాపకు తొలిరోజే అది అలవాటవుతుంది. క్లాసంతా పెట్టుకుంటే ఎవరూ నవ్వరు.

ఫ్యాక్టరీల్లోనూ అంతే. లోపలికి అడుగుపెట్టే కార్మికుడికి సేఫ్టీ హెల్మెట్, బూట్లు ఇచ్చే కంపెనీలున్నాయి. ఆ కార్మికుడు గేటు దాటి సైకిలెక్కాక జరిగేదానికి మాత్రం ఎవరి బాధ్యతా లేదు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాచ్‌మన్‌కి యూనిఫామ్, టార్చ్ కొనిస్తుంది. ఆ లిస్టులో ఇంకో వస్తువు చేర్చడం పెద్ద పనేం కాదు.

ఇక మూడోది రోడ్డు. సైకిల్ ట్రాక్ అంటే వీకెండ్ రైడ్‌కి వెళ్లేవాళ్ల కోసమే అన్నట్టు ఐటీ కారిడార్ పక్కన కట్టి వదిలేస్తే సరిపోదు. రోజూ పొట్టకూటి కోసం సైకిల్ తొక్కే పారిశ్రామికవాడల్లో, హాస్టళ్లున్న రోడ్ల మీద, జిల్లా కేంద్రాల్లో అంచున ఒక గీతైనా, వేగానికి ఒక హద్దైనా ఉండాలి. హెల్మెట్ ఆపలేని దెబ్బను ఆపాల్సింది అదే.

ఇవన్నీ మొదలవ్వాలంటే ముందు ఒక పని జరగాలి.. లెక్కించడం. జపాన్ పోలీసులు, డెన్మార్క్ రోడ్ సేఫ్టీ కౌన్సిల్ చేసింది అదే. ఏ ప్రాంతంలో ఎంతమంది సైకిల్ తొక్కుతున్నారు, ఎంతమంది తలకు రక్షణ ఉంది అని రోడ్డు మీద నిలబడి చూశారు. తక్కువున్న చోట పని మొదలుపెట్టారు. మన ట్రాఫిక్ కెమెరాలు బైక్‌పై హెల్మెట్ లేని తలను క్షణాల్లో పట్టేస్తాయి. అదే ఫ్రేమ్‌లో పక్కనే సైకిల్ మీద వెళ్తున్న వాచ్‌మన్ కూడా ఉంటాడు. చలాన్ వేయడానికి కాదు.. కనీసం లెక్కలో రాసుకోవడానికైనా అతన్ని ఒకసారి చూడాలి.